తలగడ దగ్గర 75 డెసిబెల్స్

అమెరికాలో ఇళ్లకు అమ్మే స్మోక్ అలారం ఇప్పుడు బజారులోకి రావాలంటే హాంబర్గర్ పరీక్ష నెగ్గి రావాలి. యూఎల్ 217 అనే ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలో మాంసపు బిళ్లలను కాలుస్తారు. ఆ వంట పొగకు అలారం తొందరపడి కూయకూడదు, సోఫాలోని ఫోమ్ అంటుకున్న పొగకు మాత్రం ఆలస్యం చేయకూడదు. ఇంత శ్రద్ధ తీసుకున్న శాస్త్రజ్ఞులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని ఆ పరీక్షల పట్టికలో ఎండుమిరపకాయలు లేవు. ఆ లోపం ఫలితాన్ని న్యూజెర్సీలో, మా అమ్మాయి ఇంట్లో, నేను కళ్లారా చూశాను.

మా ఆవిడ గోంగూర పచ్చడి కోసం గుప్పెడు మిరపకాయలు, కాసిని మెంతులు మూకుట్లో వేసింది. అవి రంగు మారకముందే మెట్ల దగ్గరున్న అలారం మొదలుపెట్టింది. అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి ఉంచారు కనుక పైనున్న పడకగదులవి, నేలమాళిగలోది కూడా దానికి వంత పాడాయి. మూడు కూతలు, చిన్న విరామం, మళ్లీ మూడు కూతలు. మా అల్లుడు కుర్చీ ఎక్కి, స్వామివారికి వింజామర వీస్తున్నంత భక్తితో దాని ముందు తువ్వాలు ఊపుతూ, "అత్తయ్యగారూ, ఒక్క నిమిషం స్టవ్ కట్టేయండి" అని వేడుకున్నాడు. "ఇంకా ఇంగువ పడలేదు నాయనా" అని ఆవిడ సమాధానమిచ్చింది. రెండు నాగరికతల మధ్య చర్చలు అంతకుమించి ముందుకు సాగలేదు.

గందరగోళం సద్దుమణిగాక లెక్కపెట్టాను. మూడు పడకగదుల ఆ ఇంట్లో ఆరు అలారాలున్నాయి. పడకగదికొకటి, పడకగదుల బయట ఒకటి, నేలమాళిగతో సహా ప్రతి అంతస్తుకూ ఒకటి ఉండాలని ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే నియమావళి చెబుతుంది. పదేళ్లు నిండితే, బాగానే మోగుతున్నా సరే, తీసిపారేయాలట. పదేళ్లు పనిచేసిన వస్తువును పారేయమనే నియమం మన ఇళ్లలోని మిక్సీలు వింటే నవ్వుకుంటాయి. అన్నిటికన్నా అవమానకరమైన విషయం బ్యాటరీది. జనం దానిని ఊడదీసి టీవీ రిమోట్‌లో వేసుకుంటారని ప్రభుత్వాలకు తెలిసిపోయింది కాబోలు, 2019 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో బ్యాటరీతో నడిచే అలారం అమ్మితే అది పదేళ్లు వచ్చే, బయటకు తీయడానికి వీల్లేని బ్యాటరీతోనే ఉండాలని చట్టం చేశారు. పౌరుల మీద ప్రభుత్వానికి ఇంతటి అపనమ్మకం ఉన్న దేశం ప్రజాస్వామ్యం గురించి ఊళ్లకు పాఠాలు చెబుతోంది.

ఈ నియమావళులను ఓపికగా చదివితే అన్నిటి వెనకా ఒకే మనిషి కనిపిస్తాడు. అతడు నిద్రపోతున్నాడు. అలారం చప్పుడు అతడి తలగడ దగ్గర కనీసం 75 డెసిబెల్స్ ఉండాలని అమెరికా అంటుంది. బ్రిటన్ ప్రమాణం బీఎస్ 5839 కూడా పక్క మీద తలవైపున కొలిచి అదే అంకె చెబుతుంది. అంతటితో తృప్తి చెందక, సన్నని కీచుగొంతుకు లేవనివాళ్లు బొంగురుగొంతుకు లేస్తారని కనిపెట్టి, హోటల్ గదుల వంటి చోట్ల 520 హెర్ట్జ్ స్వరం వాడాలని అమెరికన్లు నిర్దేశించారు. వేలాది పేజీల ఇంజినీరింగ్ అంతా చేరి, ముక్కూమొహం తెలియని ఒక మనిషి గురకను ఎలా ఆపాలా అని తలపట్టుకుని కూర్చుందంటే నాకు జాలి వేసింది.

జపాన్ వాళ్లు మర్యాదస్తులు. కొత్త ఇళ్లకు 2006 జూన్ నుంచి, పాత ఇళ్లకు 2011 జూన్ లోపు అలారం తప్పనిసరి చేశారు. వాటిలో మాట్లాడే రకాలూ ఉన్నాయి; "మంటలండీ, మంటలు" అని గౌరవవాచకంతోనే చెబుతాయి. చెవులు వినపడనివారి సంగతేమిటని అక్కడి పరిశోధకులు ఆలోచించి, వాసాబి ఘాటును గాలిలోకి చిమ్మి నిద్రలేపే అలారం తయారుచేశారు. దానికి 2011లో రసాయనశాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది) కూడా వచ్చింది. వంటింటి ఘాటుతో ఇంటిల్లిపాదినీ, అవసరమైతే పక్కింటివాళ్లనూ లేపే విద్య మా అత్తగారికి పుట్టుకతో వచ్చింది. ఆమెకు ఏ బహుమతీ ఇవ్వలేదు.

జర్మనీ సంగతి కొంత ఊరట. అక్కడ ఇది రాష్ట్రాల విషయం. రైన్‌లాండ్-పాలటినేట్ రాష్ట్రం 2003లో మొదలుపెడితే, సాక్సొనీలో పాత ఇళ్ల గడువు ముగిసేసరికి 2023 అయింది. ఇరవై ఏళ్లు పట్టిందంటే వాళ్లూ మనలాంటి మనుషులేనన్నమాట.

అయితే నాకు నిజమైన ఆశ కలిగించింది లండన్. 2024 అక్టోబరు 29 నుంచి అక్కడి అగ్నిమాపక దళం, ఉదయం ఏడు నుంచి రాత్రి ఎనిమిదిన్నర వరకు, చాలా వాణిజ్య భవనాలకు కేవలం ఆటోమేటిక్ అలారం మోగిందన్న కారణంతో బండి పంపడం మానేసింది. ఎవరైనా ఫోను చేసి, మంటలున్నాయని చెప్పాలి. ఉత్తుత్తి అలారాల వెంట పరుగెత్తి విసిగిపోయిన లండన్ నగరం చివరకు మన సిద్ధాంతానికే వచ్చింది: మోగింది కదా అని కంగారుపడకూడదు, ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి. మనుషులు నిద్రపోయే భవనాలకు మాత్రం వాళ్లు మినహాయింపు ఇచ్చారు. ఆ నిద్రపోయే మనిషిని వాళ్లు ఇంకా వదల్లేకపోతున్నారు.

ఇక మన దగ్గరికి వద్దాం. కాగితం మీద మనకు ఏ లోటూ లేదు. 2016 నాటి జాతీయ భవన నియమావళి నాలుగో భాగం మొత్తం అగ్నిభద్రతకే కేటాయించారు. అలారం ఎలా అమర్చాలో, ఎలా చూసుకోవాలో చెప్పడానికి ఐఎస్ 2189 అనే ప్రమాణం ఉంది. జాతీయ నియమావళి 15 మీటర్లు, అంతకు మించిన భవనాన్ని ఎత్తైన భవనం అంటుంది. మన తెలుగు రాష్ట్రాలలో నివాస భవనాలకు ఆ గీతను చాలాకాలం 18 మీటర్ల దగ్గర గీశారు. స్టిల్ట్, దాని మీద అయిదు అంతస్తులు వేసి ఆ గీత కిందే ఆగిపోయే నైపుణ్యం మన బిల్డర్లది. గీతకు జానెడు కింద ఆగిన భవనానికి ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం, గొడవ ఉండదు. నిప్పు టేపు తెచ్చుకుని కొలుచుకుంటుందని, 18 మీటర్లు లేకపోతే పెద్దమనిషి తరహాగా వెనక్కి తిరుగుతుందని ఈ విధానంలో ఒక నమ్మకం ఉంది. హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మే 18 ఉదయం 17 మంది ప్రాణాలు పోయిన ఇల్లు ఆ గీతకు చాలా కిందనే ఉంది. కింద దుకాణాలు, పైన కుటుంబం. అక్కడ నేను హాస్యం వెతకలేదు.

మా అపార్ట్‌మెంట్ తొమ్మిది అంతస్తులు కనుక మాకు అన్నీ ఉన్నాయి. ప్రతి అంతస్తు కారిడార్‌లో పైకప్పుకు డిటెక్టర్లు, గోడకు ఎర్రటి పెట్టె, దాని అద్దం పగలగొట్టడానికి ఒకప్పుడు గొలుసుకు వేలాడిన బుల్లి సుత్తి తాలూకు గొలుసు ఉన్నాయి. నిర్మాణం జరుగుతుండగా దుమ్ము పడకుండా కంపెనీవాళ్లు డిటెక్టర్లకు ప్లాస్టిక్ టోపీలు తొడుగుతారు. భవనం పూర్తయ్యాక తీసేయాలి. మావి ఆరేళ్లుగా అలాగే ఉన్నాయి. టీవీ రిమోట్‌కు కవరు తొడిగి, కొత్త కారు సీట్ల మీది ప్లాస్టిక్ చిరిగిపోయేదాకా కూర్చునే జాతికి ఆ టోపీలు తీయడానికి చేయెలా వస్తుంది? పోయిన సర్వసభ్య సమావేశంలో నేను ఈ ప్రస్తావన తెస్తే, కార్యదర్శి గారు కొంచెం నొచ్చుకుని, "తీస్తే పాడైపోతాయి కదండీ" అన్నారు. నాకు మాట రాలేదు. న్యూజెర్సీలో అలారానికి షవర్ క్యాప్ తొడిగి దొంగచాటుగా చేసే పనిని మేము ఇక్కడ తీర్మానం చేసి, మినిట్స్‌లో రాసుకుని చేస్తున్నాం.

ఈ డిటెక్టర్లన్నిటినీ కనిపెట్టి ఉండే ప్యానెల్ వాచ్‌మన్ గదిలో ఉంది. దాని మీద పసుపు దీపం ఒకటి ఎప్పుడూ వెలుగుతుంటుంది. అదేమిటని వాచ్‌మన్‌ను అడిగితే, "ఫాల్ట్ లైటండీ, మేం చేరినకాడి నుంచీ వెలుగుతానే ఉంది, మంచి లైటు సార్" అన్నాడు. మొదట్లో దానితో పాటు బజర్ కూడా మోగేదట. పిల్లవాడు నిద్రపోవడం లేదని ఆ వైరు తానే పీకేశాడు. తలగడ దగ్గర 75 డెసిబెల్స్ అనే నియమం మా భవనంలో నిజంగా అమలైనది అతడి ఒక్కడి గదిలోనే.

ఏటా ఒక రోజు మాత్రం మా వ్యవస్థ ప్రాణం పోసుకుంటుంది. బ్రిటన్‌లో ప్రతి వారం ఒక్కో మాన్యువల్ కాల్ పాయింట్‌ను, అంటే గోడకుండే ఆ ఎర్రటి పెట్టెను, వంతులవారీగా నొక్కి చూస్తారట. మాది అంత చపలచిత్తం కాదు, ఏటా ఒకటే డిటెక్టర్, లాబీలో లిఫ్టు పక్కన ఉన్నది. దానికొక్కదానికే టోపీ లేదు. మొన్న నేనూ దగ్గరుండి చూశాను. మెయింటెనెన్స్ కాంట్రాక్టు కుర్రవాడు స్టూలు ఎక్కి రెండు అగరుబత్తులు వెలిగించి దానికి చూపించాడు. ఆరేళ్ల మసితో అది అప్పటికే గర్భగుడి పైకప్పులా నల్లబడి ఉంది. ముప్పై సెకన్లలో హూటర్ కూసింది. ఉదయం పదకొండు గంటలు కావడం వల్ల నిద్రపోతున్నవారు ఎవరూ లేరు. లేవవలసిన పెద్దమనిషి, అంటే తనిఖీకి వచ్చినాయన, ఫైలు చేతపట్టుకుని మెలకువగానే నిలబడి ఉన్నారు. ఆయన తల ఊపి, టిక్కు పెట్టి, సంతకం చేసి, కాఫీ వద్దన్నారు, మజ్జిగ తాగారు.

అందరూ వెళ్లాక, ఇంకా సగం కూడా కాలని ఆ రెండు అగరుబత్తులను వృథా చేయడం ఇష్టంలేక వాచ్‌మన్ తన గదిలోకి తీసుకుపోయి, ప్యానెల్ మీద ఆనించి పెట్టిన వెంకటేశ్వరస్వామి పటానికి గుచ్చాడు. పటం కింద పసుపు దీపం వెలుగుతూనే ఉంది.