బరువు తెలియని సంచీకి బహిరంగ లేఖ

వీడియో గేముల్లో దొరికిన వస్తువులన్నీ దాచుకునే ఇన్వెంటరీ సంచీ గారికి, పాతికేళ్లుగా మిమ్మల్ని భుజాన వేసుకుని తిరుగుతున్న ఒక పలాస ఆటగాడు రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ అక్టోబరు వచ్చింది. మీకు అక్టోబరంటే పండగ డిస్కౌంట్లు. మాకు బంగాళాఖాతం. 2013లో ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది, మళ్లీ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ ఒకరోజు ముందే బయల్దేరి, 11న తెల్లవారుజామున నేరుగా మా పలాస దగ్గరికే వచ్చేసింది. మీ ఆటల్లో బాసులు, అంటే అందరికంటే బలమైన శత్రువులు, ఎక్కడ కాపు కాస్తారో కంఠతా వచ్చినవాణ్ణి నేను. తేదీతో సహా చెప్పి వచ్చే బాసును గుర్తుపట్టలేకపోయాను. ఆ పాపంలో మీకూ వాటా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

మన పరిచయం జరగడానికి ముందు నేను బాగానే ఉండేవాణ్ణి. చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ గేముండేది, దాంట్లో "9999 ఇన్ 1" అని అచ్చేసిన పసుపు క్యాసెట్టు. తిప్పితిప్పి చూస్తే లోపల ఉన్నవి ఎనిమిది గేములు. లెక్కల్లో మోసం అంటే ఏమిటో నాకు మొదట నేర్పింది అదే. కాంట్రా అనే కాల్పుల గేములో హీరోకి ఒంటిమీద చొక్కాయే లేదు, ఇక సంచీ ఎక్కడిది? ఉన్నది తుపాకీ ఒకటి, ప్రాణాలు మూడు. ఆ తర్వాత ఇంటికి కంప్యూటరొచ్చింది, దాంతో మీరొచ్చారు. గళ్లు గళ్లుగా, ఎంత పెట్టినా చిరగకుండా.

మీ ఘనత గురించి ఒక లెక్క చెప్తాను. దిమ్మెలు తవ్వి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ గేములో మీకు 36 గళ్లు. ఒక్కో గడిలో 64 రాతి దిమ్మెలు పడతాయి. ఒక్కో దిమ్మె మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. మొత్తం 2,304 ఘనపు మీటర్ల రాయి. తూకం వేస్తే ఐదున్నర వేల టన్నులకు పైమాటే. అది వీపున వేసుకుని నేను కొండలెక్కాను, ఏరు ఈదాను, ఎముకల గూళ్లతో యుద్ధం చేశాను. అదే నేను, తిత్లీ మర్నాడు వీధి చివరి నూతి నుంచి నిండు బిందె తెస్తూ రెండుసార్లు దించి ఆయాసపడ్డాను. బిందె బరువు మహా అయితే పదిహేను కిలోలు. ఎదురింటి పిన్ని నడుమున ఒకటి, చేత ఒకటి పెట్టుకుని నన్ను దాటి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ "పక్కకి జరుగు బాబూ" అంది.

హుద్‌హుద్ తర్వాత నేను నిజంగానే ఒక సంచీ సర్దాను. మీ శిష్యుణ్ణి కదా. టార్చిలైటు, బ్యాటరీలు, మడత కత్తి, నూడుల్స్ ప్యాకెట్లు, మాత్రలు, పవర్ బ్యాంకు. అన్నీ గళ్లల్లో అమిరినట్టు అమర్చి, అటక మీద పెట్టి, ఫొటో తీసి స్నేహితులకు పంపాను కూడా. ఇక నాలుగేళ్లు దాని మొహం చూడలేదు. ఎందుకు చూడాలి? మీ దగ్గర పెట్టిన రొట్టె వంద గంటలు ఆడినా బూజు పట్టదు. దివిటీ ఆరదు. మందు సీసా మీద తేదీ ఉండదు.

తిత్లీ రోజు అర్ధరాత్రి కరెంటు పోయింది. గాలి కూత మొదలైంది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి అని పేపర్లో చదివితే అదొక అంకె. ఇంట్లో కూర్చుని వింటే, పైకప్పు రేకుల మీద ఎవరో గునపాలతో తవ్వుతున్నట్టుంటుంది. నేను మాత్రం లోలోపల కాస్త ఉత్సాహంగానే అటక ఎక్కాను. ఇప్పుడు చెబితే సిగ్గేస్తుంది గానీ, నా లెవెల్ వచ్చిందనే అనుకున్నాను. సంచీ దించి విప్పాను. బ్యాటరీలు టార్చిలోనే కారిపోయి తెల్లగా పొడి కట్టాయి. మాత్రల గడువు అంతకు ముందు ఏడాదే తీరిపోయింది. నూడుల్స్ మనకంటే ముందు ఎలకలు తిన్నాయి. కత్తి బాగానే ఉంది. దాంతో ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.

మామ్మ పక్కగదిలోంచి చూస్తోంది. "ఏట్రా గుంటడా, ఆ మూట విప్పితే గాలి ఆగిపోద్దేటి?" అంది. ఆవిడ మధ్యాహ్నమే గంగాళం, రెండు గుండిగలు, నాలుగు బిందెలు నింపి మూతలు వేయించింది. కరెంటు పోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే మేడ మీద ట్యాంకు ఉత్త సిమెంటు డబ్బా అని ఆవిడకి తెలుసు. ఉద్దానంలో నీళ్ల సంగతి మీకు తెలియదు. కిడ్నీలు పోయిన ఇళ్లు ఇన్ని ఉన్న చోట, ఏ నుయ్యి నీళ్లు తాగాలన్నది చిన్న విషయం కాదు. పెరట్లో వాడకం లేని నూతికి చాంతాడు మాత్రం ఏటా మార్పించేది. ఎందుకు మామ్మా దండగ అని నేనే చాలాసార్లు విసుక్కున్నాను. అటుకులు, బెల్లం, చోడిపిండి ఆవిడ దగ్గరెప్పుడూ ఉండేవి. దాచినవి కావు, రోజూ తింటూ నింపుతూ ఉండేవి. ఆ తేడా మీకు అర్థమవుతుందని నేననుకోను.

ఇప్పుడు మీ మీద అసలు అభియోగానికి వస్తున్నాను.

ఆటగాళ్లందరికీ మీరంటించిన రోగం ఒకటుంది. ఆటలో ప్రాణం నింపే మంచి మందు దొరికితే వాడం. తర్వాత పనికొస్తుందంటాం. పెద్ద బాసు వచ్చినప్పుడు చూద్దామంటాం. పెద్ద బాసు వస్తాడు, ఇంతకంటే పెద్దవాడు రాడని నమ్మకమేమిటని అప్పుడూ వాడం. చావుకి దగ్గరపడ్డా వాడం. ఆట అయిపోతుంది, తెర మీద పేర్లు పడుతుంటాయి, మీలో తొంభై తొమ్మిది సీసాలు మూతలతో సహా మిగిలి ఉంటాయి. ఇది ఆటలో నవ్వులాట.

ఆ రాత్రి రెండింటికి హైదరాబాదు నుంచి అక్క ఫోన్ చేసింది. సిగ్నల్ ఇంకా ఉంది. ఫోన్లో చార్జింగు 61 శాతం. పక్కనే ఇంకా చార్జింగున్న పవర్ బ్యాంకు, సంచీలో చెడిపోని రెండో వస్తువు అదే. అక్క "అమ్మకివ్వరా" అంది. నేను "బాగానే ఉన్నాం, చార్జింగు దాచుకోవాలి, పెట్టేస్తున్నా" అని కట్ చేసి ఫోన్ ఆపేశాను. నేను గేమర్ని మరి, వనరులు పొదుపుగా వాడాలి. పొద్దున్న ఆన్ చేసేసరికి సిగ్నల్ లేదు. నాలుగు రోజులు లేదు. అక్క ఆ నాలుగు రోజులూ టీవీలో పడిపోయిన కొబ్బరిచెట్లను చూస్తూ కూర్చుంది. ఐదో రోజు లైను కలిసినప్పుడు నా ఫోన్లో 58 శాతం ఉంది. పవర్ బ్యాంకులో చుక్కలు అలాగే వెలుగుతున్నాయి. అక్క ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను గానీ మీకు చెందాల్సినవి కొన్ని ఉన్నాయి.

(ఓడరేవుల్లో ఎగరేసే తుపాను హెచ్చరికలు పదితో అయిపోతాయనే చాలామంది అనుకుంటారు. పదకొండోది కూడా ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం. మా అక్కకు నేను చేతులారా ఎగరేసింది ఆ జెండానే.)

గేములన్నీ ఇంతేనని నేననను. పబ్‌జీలో, బయట చిక్కినవాడి ప్రాణం తీసే నీలం వలయం దగ్గరికి ముడుచుకొస్తుంటే, ఇంకో తుపాకీ ఏరుకుందామని ఆగినవాడు పోతాడు, చేతికందింది పట్టుకుని ముందే కదిలినవాడు మిగులుతాడు. తుపాను షెల్టరుకు రమ్మంటే మేకలు, బీరువా, టీవీ అని ఆగేవాళ్లకు ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఆ వలయం ఇచ్చే గడువు నిమిషాల్లో ఉంటుంది. వాతావరణ శాఖ 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు గట్టిగా హెచ్చరిస్తుంది. తెర మీద వలయానికి పరుగెత్తిన నేను, ఆ రెండు రోజులూ ఏం చేశానంటే పబ్‌జీ ఆడాను.

తెల్లారాక తోటలోకి వెళ్లాం. మైన్‌క్రాఫ్ట్‌లో చెట్టు కొట్టి మొక్క పాతితే కాసేపట్లో మళ్లీ చెట్టు. ఇక్కడ నాన్న నిలబడి లెక్కపెడుతున్నాడు. జీడిచెట్లు వేళ్లతో సహా లేచి ఒకే దిక్కుకు పడుకున్నాయి, దువ్వెనతో దువ్విన జుట్టులాగా. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. నాన్న వయసు అప్పటికి అరవై మూడు. ఆయన వేళ్ల మీద ఏదో కలిపి చూసుకుని, ఏమీ అనకుండా ఇంటికి నడిచాడు. అంతా పోయినప్పుడు పాత సేవ్ లోడ్ చేసుకుని, ముందున్న చోటి నుంచే మళ్లీ ఆడటం మీ లోకంలో రివాజు. నాన్నకి ఆ బటన్ గురించి నేను ఎప్పుడూ చెప్పలేదు.

రోడ్డుకు అడ్డం పడ్డ చెట్లను ఊరివాళ్లే గొడ్డళ్లతో నరికారు. అప్పుడు నా కత్తిని మళ్లీ బయటికి తీశాను. ఎవరో తీసుకుని కొబ్బరిబొండం కొట్టబోయి, నవ్వి తిరిగి ఇచ్చేశారు.

సరే, ఉంటాను. మిమ్మల్ని మానేస్తానని మాత్రం అనుకోకండి. నిన్న రాత్రి కూడా ఆడాను.

ఇట్లు,
మీ మాజీ శిష్యుడు

తా.క.: ఈసారి కొత్త బ్యాటరీలు కొన్నాను. వాటిని టీవీ రిమోట్లో వేసి వాడుతున్నాం, అయిపోగానే మళ్లీ కొంటున్నాం. మామ్మ ఇప్పుడు లేదు. చాంతాడు నేనే మార్పించాను.