దాచుకునే రివాల్వర్‌కి ఆ ముల్లెందుకండీ?

పొద్దున్నించి ఫోన్ తెరిస్తే అదే రీల్. ఏదో పెళ్లి పందిరి, కోనసీమ వైపే అయ్యుంటుంది, గుమ్మానికి అరటి గెలలు వేలాడుతున్నాయి. తెల్ల లాల్చీ పెద్దమనిషి బొడ్లోంచి రివాల్వర్ తీయబోతే హ్యామర్ (తూటాని పేల్చే వెనక సుత్తి) ముల్లు, అంటే బొటనవేలితో లాగడానికి పైకి పొడుచుకొచ్చిన కొస, లాల్చీ అంచుకి తగులుకుంది. ఒక్క గుంజు గుంజాడు, గుండీ ఎగిరి సాంబారులో పడింది. అయినా ఆగాడా? బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి 'టిక్' అనిపించి, కెమెరాకేసి నవ్వి, అదే వేలితో మెల్లిగా దించాడు. కింద కామెంట్లు: "అన్నా మాస్!" ఆయ్. ఆ వేలికి గారెల నూనె ఉంది. జారితే మాస్ కాదండీ, మాసికం.

హ్యామర్ లాగి పెట్టాక ట్రిగ్గర్ మీద 3, 4 పౌండ్లు పడితే చాలు, పేలుతుంది. లాగకుండా నేరుగా నొక్కాలంటే 10, 12 పౌండ్లు, అంటే 5 కిలోల దగ్గర. చాలా రివాల్వర్లకి విడిగా సేఫ్టీ బటన్ ఉండదు, ఆ బరువే సేఫ్టీ. దాన్ని చేతులారా తీసేసి ఫోజు!

2016 ఆయుధ నిబంధనలేమో పిస్తోలైనా రివాల్వరైనా ఒరలో పెట్టి, పూర్తిగా కప్పి తీసుకెళ్లమంటాయి. కప్పి ఉంచాల్సిన దానికి కోడికాలి ముల్లులాంటిది ఎందుకు? అది షూటింగ్ రేంజిలో తాపీగా గురి చూసి కొట్టేవాడికి. నాలుగడుగుల దూరంలో మీదపడేవాడు మీరు బొటనవేలు వెతుక్కునేదాకా నిలబడతాడా?

అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ 1887లోనే హ్యామర్‌ని లోపల దాచేసింది. 1952లో సెంటెన్నియల్ అని మళ్లీ తెచ్చింది. దాన్ని 'హ్యామర్ లేని రివాల్వర్' అనేవాళ్లకి దండం. హ్యామర్ ఉంది బాబూ, ఫ్రేములో ఉంది. అదే కంపెనీ 1955 మోడల్ బాడీగార్డ్‌లో రెండు వైపులా గోడలు లేపి మధ్యలో చిన్న కొస వదిలారు, ఆ సందులో జేబు నూగు చేరుతుంది. మన దగ్గరైతే బీడీ పొడి, తవుడు కూడా. నా ఓటు పూర్తిగా మూసినదానికే.

మనకేమో అవి చాలావరకు .38 తూటా సైజువి, నిషిద్ధ బోర్, అంటే మామూలు లైసెన్సుకి దొరకవు. దొరికేది .32. కాన్పూర్‌వాళ్లు 2014లో నిర్భీక్ అనే .32 రివాల్వర్ తెచ్చారు, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగ్ కోసమని, బరువు 500 గ్రాములని ఊదరగొట్టారు. హ్యామర్ మాత్రం బయటే, ముల్లుతో సహా! హ్యాండ్‌బ్యాగులో తాళాలు, చార్జర్ వైరు, చున్నీ కొస ఉంటాయని ఆ గీసినాయనకి ఇంట్లోవాళ్లెవరూ చెప్పలేదా?

ఇంకో మేధావి కామెంటు: "లేత్ షాపులో కోయించేద్దాం బ్రో." కోయించు. గ్రైండర్ వేడికి లోహం నీలంగా మారి గట్టితనం పోతుంది. దెబ్బలో తేడా వస్తే ప్రైమర్ (తూటా వెనక నిప్పు రాజేసే బిళ్ల) సరిగ్గా నొక్కుకోదు, తూటా తుస్సు. పైగా లాగిన హ్యామర్ వెనక నిలబడే లోపలి సింగిల్ యాక్షన్ గాడి అలాగే మిగిలితే, హ్యామర్ ఎప్పుడైనా అక్కడ ఆగిందంటే దించడానికి పట్టుకునే ముల్లు ఉండదు. తుపాకుల మరమ్మతు లైసెన్సు లేనివాడు తుపాకీ మీద చెయ్యేస్తే ఆయుధ చట్టం సెక్షన్ 5 ఉంది, ఇద్దరూ కలిసి స్టేషన్లో టీ తాగొచ్చు.

స్టేషన్ అంటే గుర్తొచ్చింది. ఎన్నికలొస్తే చాలు, లైసెన్సు తుపాకీ తీసుకెళ్లి డిపాజిట్ చెయ్యమంటారు. చేస్తారు, ఎవరు కాదన్నారు? నూనె గుడ్డ చుట్టి ఇచ్చినదాన్ని గుడ్డ విప్పేసి, చీటీ కట్టి, ఇనప బీరువాలో పడేస్తారు. రొయ్యల చెరువుల మధ్య ఉప్పుగాలి, పైన జల్లు కొట్టే కిటికీ. ఫలితాలొచ్చాక చేతికిస్తే హ్యామర్ సందులో ఎర్రటి తుప్పు, ఇరుసు బిగుసుకుని కదలదు. మూసిన హ్యామరైతే అక్కడికి తేమ ఇంత తేలిగ్గా పోదు. సంతకం మాత్రం "మంచి స్థితిలో అందినది" అన్న గీత మీదే పెట్టాలట.