పోయినేడాది బట్టను పాతబడనివ్వని డిజైనర్

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కూతురు మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి, సూట్‌కేసులోంచి చుట్టచుట్టిన ముదురాకుపచ్చ గుడ్డ ఒకటి తీసి మంచం మీద పడేసింది. చూడ్డానికి చేతి తువ్వాలంత ఉంది. విప్పితే జానెడు వెడల్పున పొడుగాటి గొట్టంలా, నిలువునా సన్నసన్నటి మడతలతో కనిపించింది. ఇదెవరికి పడుతుంది, చంటిపిల్లకా అనుకున్నాను. అక్క వేసుకుంది, చక్కగా ఉంది. తర్వాత నేనూ వేసుకున్నాను. మా ఇద్దరి మధ్య పదిహేను కిలోల తేడా ఉంది, ఎవరు ఎక్కువో చెప్పను గానీ, ఇద్దరికీ మనిషి కొలతలు తీసుకుని కుట్టినట్టే సరిపోయింది. పదేళ్లుగా ఫోటోల్లో చూసి మురిసిపోతున్న జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే బట్టను చేత్తో ముట్టుకోవడం నాకు అదే మొదటిసారి.

మియాకే అంటే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది స్టీవ్ జాబ్స్ వేసుకున్న, మెడదాకా కప్పే నల్ల టర్టిల్‌నెక్ చొక్కా. జాబ్స్ 1980ల్లో జపాన్ వెళ్లి, సోనీ ఉద్యోగులకు మియాకే డిజైన్ చేసిన యూనిఫాం చూసి ముచ్చటపడ్డాడట. యాపిల్‌లోనూ అలాంటిది పెడదామంటే ఉద్యోగులు గోల చేసి ఒప్పుకోలేదు. ఆయన మాత్రం తనకోసం టర్టిల్‌నెక్‌లు చేయించుకుని, జీవితమంతా వాటితోనే గడిపేశాడు. కథ బాగుంటుంది కానీ, మియాకేని ఆ ఒక్క నల్ల చొక్కాతో గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చదు. ఆయన అసలు పనితనం ఆ మడతల్లో ఉంది.

మామూలుగా ప్లీట్స్ ఎలా పెడతారు? ముందు గుడ్డకు మడతలు పెట్టి, తర్వాత కత్తిరించి కుడతారు. మియాకే బృందం దీన్ని తిరగేసింది. కావలసిన సైజుకు రెండున్నర, మూడు రెట్లు పెద్దగా బట్టను ముందే కత్తిరించి పూర్తిగా కుట్టేస్తారు. అప్పుడు చూస్తే అది ఏనుగుకు కుట్టిన చొక్కాలా ఉంటుంది. దాన్ని రెండు కాగితాల మధ్య పెట్టి, మనుషులు చేతులతో సర్దుతూ ప్లీట్స్ యంత్రంలోకి పంపిస్తారు. వేడికీ ఒత్తిడికీ పాలిస్టర్ ఆ మడతను గుర్తుపెట్టుకుంటుంది. కాగితం తీసేశాక మిగిలేది మనిషి సైజు బట్ట. ఉతికినా మడత పోదు, ఇస్త్రీ అక్కర్లేదు, చుట్టచుట్టి సంచిలో పడేసుకోవచ్చు. వందేళ్ల కిందట ఫార్చునీ అనే ఆయన వెనిస్‌లో పట్టుతో ఇలాంటి ప్లీట్స్ గౌన్లే చేశాడు, వాటి అందానికి వంక పెట్టలేం. కాకపోతే తడిస్తే మడతలు పోయేవి, మళ్లీ పెట్టించుకోవాలంటే తిరిగి ఆయన దగ్గరికే పంపాలి. అంటే అది దొరసానుల బట్ట. మియాకేది బస్సెక్కి ఆఫీసుకు పోయేవాళ్ల బట్ట, కనీసం ఆయన ఆలోచనలో.

ఈ ఆలోచన కూడా ఊరికే వచ్చింది కాదు. 1965లో పారిస్ వెళ్లి పెద్ద పెద్ద డిజైనర్ల దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు, 1968లో అక్కడి వీధుల్లో విద్యార్థుల, కార్మికుల గొడవలు కళ్లారా చూశాడు. గుప్పెడుమంది డబ్బున్నవాళ్లకు గౌన్లు కుట్టడం తన పని కాదనుకున్నాడు. 1970లో టోక్యోలో సొంత స్టూడియో పెట్టాడు. జీన్స్, టీషర్టులంత తేలిగ్గా జనం వేసుకునేవి చేయాలని ఆయన కోరిక. 1988 ప్రాంతంలో ఈ మడతల ప్రయోగాలు మొదలై, 1989 వేసవి కలెక్షన్‌లో బయటికొచ్చాయి. 1991లో ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే నర్తకులకు వీటిని వేసి చూశారు. ఎగిరినా పొర్లినా గుడ్డ అడ్డం రాలేదు. 1993లో 'ప్లీట్స్ ప్లీజ్' పేరుతో ప్రత్యేకంగా ఒక బ్రాండే మొదలైంది. ఈలోపు 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు, కొత్తగా స్వతంత్రం వచ్చిన చిన్న దేశం లిథువేనియా జట్టుకు యూనిఫాం కూడా ఆయనే చేశాడు. ఆ ఫోటోలు వెతికి చూడండి, వెండిరంగు మడతల్లో అథ్లెట్లు వేరే గ్రహం నుంచి దిగినట్టుంటారు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది. ఫ్యాషన్‌లో 'సీజన్' అనే మాట పైకి వేసవి, చలికాలం అన్నట్టే వినిపిస్తుంది కానీ, దాని అసలు పని నిరుడు కొన్నదాన్ని పాతది చేయడం. చేతులు పోయినేడు బుట్టగా ఉంటే ఈ ఏడు గొట్టంగా ఉంటాయి, ప్యాంటు అడుగున ఓసారి వెడల్పు, ఓసారి ఇరుకు. బీరువా నిండా బట్టలున్నా కట్టుకోవడానికి ఏమీ లేదనిపించేది అందుకే, అది మన బుద్ధిలోపం కాదు, వాళ్ల వ్యాపారం అలా నడుస్తుంది. మియాకే కూడా పారిస్‌లో సీజన్‌కో షో చేసినవాడే, ఆ ఆట బయట ఉన్నాడని అబద్ధం చెప్పను. కానీ ప్లీట్స్ ప్లీజ్‌లో మూలరూపాలు ఏళ్ల తరబడి మారవు, ఎక్కువగా మారేది రంగు. అదే మూస చొక్కా నెలకో రంగులో వస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి ముక్కనూ ఈ నెల కొన్నదాన్నీ పక్కపక్కన పెడితే ఏది ఎప్పటిదో తేల్చడం కష్టం. మిగతావాళ్ల సీజన్ 'అది తీసేయ్, ఇది కొను' అంటుంది. ఇక్కడ 'అది ఉంచుకో, కావాలంటే ఇదీ చూడు' అన్నట్టుంటుంది.

మనకు ఇది కొత్తేం కాదు కదా. చీర చేసేది ఇదే. అయిదున్నర మీటర్ల గుడ్డకు మన కొలతలతో పనిలేదు, పెళ్లికి కట్టింది సీమంతానికీ కట్టొచ్చు, తర్వాత కూతురూ కట్టొచ్చు, మార్చాల్సింది జాకెట్టు ఒక్కటే. మియాకే జీవితమంతా పట్టుకు వేలాడిన మాట 'ఒక గుడ్డముక్క'. ఒంటికీ గుడ్డకూ మధ్య కాస్త ఖాళీ ఉండాలనేవాడు. మన దేశపు నేత మీద ఆయనకు గురి ఉండేది, అహ్మదాబాద్‌లో డిజైనర్ ఆశా సారాభాయ్‌తో కలిసి చాలాకాలం చేనేత బట్టలు చేయించి జపాన్‌లో అమ్మాడు. చీర చూసే ప్లీట్స్ చేశాడని నేననను, అలా గొప్పలు చెప్పుకునే అలవాటు మనకు కాస్త ఎక్కువే. మనవాళ్లూ ఆయనా ఒకే ప్రశ్నకు వేర్వేరు దారుల్లో జవాబు వెతికారంతే.

ఆయన పేరు ఎత్తితే హిరోషిమా కూడా వస్తుంది. 1938లో అక్కడే పుట్టాడు, అణుబాంబు పడ్డప్పుడు ఏడేళ్లు, ఆ రేడియేషన్ వల్ల మూడేళ్లలోపే తల్లి పోయింది. బాంబును తట్టుకుని బతికిన డిజైనర్ అన్న ముద్ర పడకూడదని దశాబ్దాల పాటు ఆ మాటే ఎత్తలేదు, 2009లో గానీ పత్రికలో రాయలేదు. 2022 ఆగస్టులో ఆయన పోయినప్పుడు వచ్చిన వ్యాసాల్లో చాలావరకు అక్కడే మొదలయ్యాయి. ప్రతి మడతలో ఆ బూడిద వెతకడం నాకు బాగా అనిపించదు. ఆయనే వద్దన్నాడు.

ఆయన బతికుండగానే డిజైన్ పని వేరేవాళ్లకు అప్పగించాడు, వాళ్లలో సతోషి కొందో మొదటి షో, 2020 వేసవి కలెక్షన్, నాకు మరీ ఇష్టం. పైకప్పు నుంచి గుండ్రటి చక్రాల్లాంటి డ్రస్సులు మెల్లగా దిగుతాయి, కింద నిలబడ్డ మోడల్స్ తలల మీదుగా ఒంట్లోకి జారిపోతాయి, వాళ్లు నడవడం మానేసి గిరగిరా తిరుగుతూ గెంతుతారు. ర్యాంప్ మీద మొహం మాడ్చుకుని నడిచే అలవాటుకు అది మంచి మందు. కొన్ని సీజన్లలో మాత్రం కాగితం బొమ్మల్లాంటివి వస్తాయి, కుర్చీలో కూర్చోవడం కూడా కష్టమనిపించేవి. వాటిని మ్యూజియానికే వదిలేద్దాం.

లోపాలున్నాయి. అది పాలిస్టర్, అంటే ప్లాస్టిక్కే. ఎన్నాళ్లు మన్నితే అన్నాళ్లు భూమిలోనూ మన్నుతుంది. మడతల వల్ల గుడ్డ ఒంటికి అంటుకోదన్నది నిజమే గానీ, మే నెలలో విజయవాడ బస్టాండులో అది వేసుకుని నిలబడమంటే నిలబడను, నాకు మా అమ్మ పాత నేతచీరే కావాలి. ఇక ధర. జనానికి చేద్దామని మొదలుపెట్టిన బట్ట ఇవాళ ముక్కకు పదుల వేల రూపాయలు పలుకుతోంది. ఆ వైరుధ్యానికి అభిమానిగా నా దగ్గర సమాధానం లేదు. నాలాంటివాళ్లు నకలు కొంటారు. నేనూ ఓ దుకాణంలో తొమ్మిది వందలకు ఒకటి కొన్నాను. మూడు ఉతుకులకు మోకాళ్ల దగ్గర సంచుల్లా సాగింది. మిగిలిన మడతల్ని మా వీధి ఇస్త్రీ అబ్బాయి, ఎంతో శ్రద్ధగా, ఒక్కటి కూడా వదలకుండా సాపు చేసి, "చాలా ముడతలున్నాయక్కా, టైం పట్టింది" అంటూ రెండింతలు తీసుకున్నాడు.

ఆ పచ్చ టాప్ ధర విని ఇంట్లో అందరూ నోళ్లు తెరిచారు, పెద్దమ్మ తప్ప. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి, సాగదీసి, వదిలేసి, మళ్లీ సాగదీసి చూసింది. నలభై ఏళ్లుగా పొద్దున్నే కుచ్చిళ్లు సర్దుకుని పిన్నీసు పెట్టుకుంటున్న మనిషి. "వీటన్నిటికీ కుచ్చిళ్లు వాళ్లే పెట్టిచ్చారంటే, కూలి కూడా వేసుకోరూ మరి" అని మడతపెట్టబోయి, మడత ఎలా పెట్టాలో తెలియక చుట్టచుట్టి అక్క చేతిలో పెట్టింది.