కుట్టకుండా గెలిచే విద్య

ఆగస్టు దగ్గర పడుతోందంటే అమెరికాలో బొంతలు కుట్టే ఇళ్ళలో భోజనాల సంగతి అడక్కూడదు. డైనింగ్ టేబుల్ నిండా బొంత పరిచి ఉంటుంది. ఇంటాయన సింకు దగ్గర నిలబడి బ్రెడ్డు నములుతుంటాడు. బొంతల పోటీలు కూడా జరిగే రాష్ట్రస్థాయి తిరునాళ్ళ లాంటి స్టేట్ ఫెయిర్‌కి గడువు ముంచుకొచ్చింది, ఇల్లాలికి ఇంకా అంచు కుట్టడం మిగిలే ఉంది.

అంచే కదా అని తీసిపారేయకండి. జడ్జి వచ్చి ముందు రంగులు చూసి మురిసిపోతుందనుకుంటాం. ఆవిడ నేరుగా మూల పట్టుకుని, అంచుపట్టీని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూస్తుంది. లోపల దూది చివరిదాకా నిండిందా, వేలికి ఖాళీగా తగులుతోందా? తర్వాత బొంత తిరగేస్తుంది. దారపు ముడులు లోపల దాక్కున్నాయా, బయటికి తొంగి చూస్తున్నాయా? పిల్లి వెంట్రుక దొరికిందా, మార్కులు పోయినట్టే. పెళ్ళిచూపుల్లో జడ లాగి చూసేవాళ్ళు ఈమధ్య తగ్గారు గానీ ఇక్కడ మాత్రం తగ్గలేదు.

ఇంత టెన్షన్ పడుతున్న అక్కచెల్లెళ్ళందరికీ నా మనవి ఒక్కటే. సూది కింద పెట్టండి. బొంతల పోటీల్లో అన్నిటికన్నా ఘనంగా జరిగినదాంట్లో మొదటి బహుమతి కొట్టినావిడ ఆ బొంతలో ఒక్క కుట్టు కూడా వేయలేదు.

1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. పేరు 'శతాబ్ది ప్రగతి'. ఆ సందర్భంగా సియర్స్ కంపెనీ దేశమంతటికీ బొంతల పోటీ పెట్టింది. మొదటి బహుమతి 1,000 డాలర్లు. అప్పట్లో ఆ డబ్బుకి దాదాపు రెండు కొత్త ఫోర్డు కార్లు వచ్చేవి. పైగా అది మహామాంద్యం రోజుల మాట, పనిచేయగల నలుగురిలో ఒకరికి పని లేదు. జనవరిలో ప్రకటించి మే 15 గడువు పెడితే, ఆ నాలుగు నెలల్లోనే దాదాపు 24 వేల బొంతలు వచ్చిపడ్డాయి. ప్రగతి అనే విషయం మీద కుడితే ఇంకో 200 డాలర్లు అదనం అన్నారు. పాపం, ఎందరో అమాయకులు ఆ మాట నమ్మి ఆకాశహర్మ్యాలూ విమానాలూ కుట్టారు. జడ్జీలు ప్రగతిని పక్కన పెట్టి, పాతకాలపు నక్షత్రాల డిజైనుకి పట్టం కట్టారు.

ఆ నక్షత్రాల బొంత కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్ నుంచి మార్గరెట్ రోజర్స్ కేడెన్ గారి పేరు మీద వచ్చింది. ఆవిడకి అక్కచెల్లెళ్ళతో కలిసి ఒక దుకాణం ఉండేది. పంపినవాళ్ళే కుట్టి ఉండాలని పోటీ నిబంధన. చాలా ఏళ్ళ తర్వాత బొంతల చరిత్ర రాసేవాళ్ళు ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ముక్కలు కత్తిరించి అతికినవాళ్ళు ఒకరు, కుట్లు వేసినవాళ్ళు ఇంకొకరు, అందరూ కూలికి పనిచేసిన ఆడవాళ్ళే. బహుమతిలో వాళ్ళకి వాటా దక్కలేదు. నోరు విప్పితే మళ్ళీ పని దొరకదని ఎవరూ మాట్లాడలేదు. బొంతనేమో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్ గారికి కానుకగా ఇచ్చారు. అత్త సొమ్ము అల్లుడి దానం! ఇప్పుడా బొంత ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

దీన్ని మోసం అనేవాళ్ళకి లోకజ్ఞానం తక్కువ. ప్రదర్శన పేరే 'ప్రగతి' కదా. ఒకరు కుట్టి, ఇంకొకరు గెలిచి, మూడోవారు కప్పుకోవడం కన్నా ప్రగతి ఏముంటుంది? పోటీ విషయాన్ని అందరికన్నా బాగా ఒంటబట్టించుకున్నది కేడెన్ గారే. ఆ అదనపు 200 డాలర్లు కూడా న్యాయంగా ఆవిడకే చెందాలని నా అభిప్రాయం.

ఇప్పటి ఫెయిర్లు చాలావాటిలో విలువలు పడిపోయాయి. పైభాగం ఒకరు అతికి, కుట్లు ఇంకొకరితో మెషీన్ మీద వేయిస్తే, ఆ రెండోవాళ్ళ పేరు కూడా ఫారంలో రాయాలట! కొన్నిచోట్ల అలాంటివాటికి వేరే విభాగమే పెట్టారు. ఇలా పనిచేసినవాళ్ళ పేర్లన్నీ రాసుకుంటూ పోతే రేపు బహుమతిగా ఇచ్చే రిబ్బన్లు ఎన్నని కొంటారు?

బొంత కుట్టేవాళ్ళలో ఇంకో నమ్మకం ఉంది. వేలికి సూది గుచ్చుకుని గుడ్డ మీద నెత్తురు చుక్క పడితే, ఆ నెత్తురు ఎవరిదో వాళ్ళ ఉమ్మే రాయాలట, అప్పుడే మరక పోతుందట. జడ్జీలు ఈ పద్ధతి పట్టుకుంటే పెద్ద ప్రమాదం. బహుమతి అందుకోవడానికి వచ్చినావిణ్ణి 'ఏదమ్మా, ఒకసారి ఉమ్మెయ్' అంటే పరువేం కాను?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ భయం అక్కర్లేదు. అమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వస్తుంది. సూట్‌కేసులో ఆవకాయ సీసాల చుట్టూ మెత్తబడిన పాత నేతచీరలు. మనవడు స్కూలుకెళ్ళగానే సోఫా పక్కన కింద కూర్చుని, చీర మీద చీర పరిచి, కళ్ళజోడు సవరించుకుంటూ కుడుతూ పోతుంది. అంచు పూర్తయ్యేసరికి తిరుగు టికెట్ తేదీ వస్తుంది. ఎంట్రీ ఫారంలో ఎవరి పేరు రాయాలని కూతురు మొహమాటానికి అడుగుతుంది. 'నా పేరెందుకే, నీదే రాసెయ్' అంటుంది అమ్మ. కెంటకీ ఆడవాళ్ళకి కనీసం కూలైనా ముట్టింది.

కాబట్టి తల్లులారా, బొంత ఎవరితోనైనా కుట్టించండి. ఫారం కింద 'ఇది నా స్వహస్తాలతో చేసినది' అన్న చోట సంతకం మాత్రం మీరే చేయండి. అది కూడా ఇంకొకరితో చేయిస్తే ఫోర్జరీ కింద కేసు పెడతారు.