రాయికి రక్షణ ఉంది, చూపుకు లేదు

గోల్కొండలో బాలాహిస్సార్ శిఖరాన ఉన్న బారాదరి మేడ ఎక్కినవారి కళ్లు ఇవాళ ముందుగా పడమటి వైపే పోతాయి. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కోకాపేటల ఆకాశహర్మ్యాలు అటు వరుసకట్టి నిలబడి ఉంటాయి. ఫొటోకు అదొక మంచి నేపథ్యమే, కాదనను. అయితే ఆ మేడను అంత ఎత్తున కట్టింది అందం కోసం మాత్రమే కాదు. చుట్టూ మైదానంలో దుమ్ము లేస్తే అది వర్తకుల బిడారమో, శత్రువుల దండో వేళకు పసిగట్టడానికీ ఆ ఎత్తు పనికొచ్చేది. సుమారు 120 మీటర్ల గ్రానైట్ గుట్టను కోటకు కేంద్రంగా ఎంచుకోవడంలోని తెలివి అక్కడే ఉంది. కింది ద్వారంలోని గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బారాదరిలో వినిపించే విద్యను గైడ్లు అందరికీ చూపిస్తారు. అది ఆ కోటకు చెవి. బారాదరి దాని కన్ను. చెవిని గొప్పగా చెప్పుకుంటున్న మనం కన్నును మరిచిపోయాం.

ఆ కన్నుకూ ఒక హద్దు ఉంది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలపాటు ముట్టడించినా లొంగని కోట, అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లోపలినుంచి తలుపు తెరిపించడంతో పడిపోయింది. మైళ్ల దూరం కనిపించే చోట కూర్చున్న రాజుకు తన గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో కనిపించలేదు.

ఇప్పుడు జరుగుతున్న నష్టం వేరే రకానిది, దానికి మూలం చట్టంలోనే ఉంది. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. గుడికో, మసీదుకో, సమాధికో ఈ కొలత చాలా వరకు సరిపోతుంది, ఎందుకంటే వాటి విలువ వాటిలోనే ఉంది. కావలి కట్టడం సంగతి అలా కాదు, దాని విలువలో సగం అది చూసే దూరంలో ఉంటుంది. మూడు వందల మీటర్ల అవతల నలభై అంతస్తులు లేచినా చట్టం ప్రకారం గోల్కొండకు ఏ హానీ జరగనట్టే. కుతుబ్‌షాహీ కట్టడాలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు కోరుతూ 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంచాం. ఆ ఆశ నిజమైతే ఎలాగూ పరిసరాల లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. లండన్‌లోని రిచ్‌మండ్ పార్కులో కింగ్ హెన్రీస్ మౌండ్ అనే చిన్న మట్టి దిబ్బ ఉంది. అక్కడినుంచి పది మైళ్ల దూరంలోని సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం చెట్ల మధ్య సందులోంచి కనిపిస్తుంది. ఆ చూపుదారికి ఏ భవనమూ అడ్డు రాకూడదని నగర ప్రణాళికలోనే రాసుకున్నారు. అయినా 2016లో గుమ్మటం వెనక ఒక ఎత్తైన టవరు లేచి, దృశ్యం చెడిందని పెద్ద గొడవైంది. నియమం ఉన్నచోటే ఇలా జరిగిందంటే, నియమమే లేని మన సంగతి చెప్పనక్కరలేదు.

చూపు ఇంకా చెక్కుచెదరని చోటు కావాలంటే అనంతపురం జిల్లా గుత్తికి వెళ్లాలి. కొండ అంచున, లోయ మీదికి వంగినట్టుండే చిన్న మంటపాన్ని మురారి రావు గద్దె అంటారు. మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పుకుంటారు. ఆట మాటెలా ఉన్నా, కింద ఊరు, రైలు పట్టాలు, ఆపైన చదునైన నేల అంతా ఒక్క చూపులో అందే ఆ చోటును ఎంచుకున్నవాడికి యుద్ధం తెలుసు. 1776లో హైదర్ అలీ చేతికి ఆ కోట చిక్కింది లోపల నీళ్లు అయిపోవడం వల్ల. ఎక్కేవారు నీళ్లు తీసుకువెళ్లాలి, ఎండ ముదరకముందే దిగాలి.

కోటలకైనా ఒక బోర్డు, ఒక కాపలాదారు ఉంటారు. తెలంగాణ పల్లెల్లో దొంగల భయానికి, పిండారీల భయానికి రాయీ మట్టీ కలిపి కట్టుకున్న ఊరి బురుజులకు చాలాచోట్ల అదీ లేదు. రావి మొక్కలు వేళ్లూని రాళ్లు జారిపోతుంటే, ఊరి మధ్య జాగా ఆక్రమించిన పాత దిబ్బగానే వాటిని చూస్తున్నారు. నా దృష్టిలో చూడదగిన కావలి కట్టడాల్లో మొదటి వరసలో ఉండాల్సింది సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లి బురుజు. రజాకార్ల కాలంలో ఊరివాళ్లు దాని మీద కాపలా కాసి, ముప్పు కనిపించగానే నగారా మోగించేవారు. అంతకుముందు దాడులను అలాగే తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లతో పాటు నిజాం సైన్యం కూడా రావడంతో ఆ కాపలా సరిపోలేదు, తొంభైమందికి పైగా చనిపోయారు. ఆ తరువాత మూడు వారాలకే నిజాం లొంగిపోయాడు.

అలాంటి బురుజును బాగుచేయడమంటే సిమెంటు పూసి రంగు వేయడం కాదు. పైకెక్కే దారి నిలవాలి, పొలాల వైపు చూపు తెరిచి ఉండాలి. గోల్కొండలో పడమటి దిక్కు ఎలాగూ పోయింది. బారాదరి నుంచి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల వరకు ఉన్న ఉత్తరపు చూపు మాత్రం ఇంకా మిగిలి ఉంది. అంత దూరమేమీ లేని ఆ దారిని నగర మాస్టర్ ప్లాన్‌లో గీతగీసి, దాని మీద ఎత్తు పరిమితి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.