పేరెవరిది, ప్రతులెవరివి?

విజయనగరం మహారాజు ఆనంద గజపతి డబ్బు పెడితే, మాక్స్ ముల్లర్ పరిష్కరించిన ఋగ్వేదం రెండో ముద్రణ 1890-92 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువడింది. అచ్చయింది మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో. రాజ్యాలు పోయాయి గానీ అచ్చుకు బయటికి పోయే అలవాటు పోలేదు. శ్రీకాకుళం, విజయనగరాల్లో కథకులకు, కవులకు కొదవ లేదు. వాళ్ల పుస్తకాలు చాలావరకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆఫ్‌సెట్‌లో అచ్చయి పార్సిల్‌లో వస్తాయి. ఐదొందలు వేస్తే ఆవిష్కరణ సభలో కొన్ని, మిత్రులకు పోస్టులో కొన్ని, మిగతా కట్టలు మంచం కింద. పరిమిత ముద్రణ మనకెప్పుడో వచ్చేసింది, అడక్కుండానే.

అలా మిగిలిపోయిన కాపీల సంగతి వేరు, కావాలని తక్కువ కాపీలు వేసే ఆర్టిస్ట్ బుక్ సంగతి వేరు. ఇందులో బొమ్మ కథకు అలంకారం కాదు. రాసేవారు, బ్లాకు చెక్కేవారు, అక్షరాలు పేర్చేవారు, బైండింగ్ చేసేవారు మొదటి రోజు నుంచీ కలిసి కూర్చుని నలభయ్యో యాభయ్యో ప్రతులు చేతితో తయారు చేస్తారు. ఉత్తరాంధ్రలో ఇది జరగాలనే నా వాదన. అయితే కలిసి చేశామని చెప్పుకోవడం తేలిక. ఆ కలయిక నిజమో కాదో పుస్తకం చివరి పేజీలో పేర్లు, ప్రతుల పంపకం తేలుస్తాయి.

ముందు ఆ తక్కువ సంఖ్య గురించి. దాన్ని ధర పెంచే ఎత్తుగడ అనుకుంటారు చాలామంది. కొన్ని చోట్ల నిజమే. కానీ పద్ధతిలోనే హద్దులున్నవి ఉన్నాయి. డ్రైపాయింట్‌లో సూదితో రాగి రేకు మీద గీస్తే గీత పక్కన సన్నటి లోహపు అంచు లేస్తుంది. గీతకు ఆ మెత్తటి నలుపు దానివల్లే. ప్రెస్ ఒత్తిడికి అది కొన్ని పదుల కాపీలకే అణిగిపోతుంది. ఒకే లినో బ్లాకుతో (చెక్కడానికి వీలైన మెత్తటి లినోలియం పలక) నాలుగు రంగులు వేసే రిడక్షన్ పద్ధతి ఇంకా నిక్కచ్చి: ఒక రంగు అన్ని కాగితాల మీదా వేశాక అదే బ్లాకును ఇంకొంత చెక్కి రెండో రంగు వేస్తారు. వెనక్కి వెళ్లడానికి ఉండదు. ఎన్ని ప్రతులో మొదటి రంగు రోజే తేల్చుకోవాలి. అంటే ఎవరి వాటా ఎంత అన్న మాట కూడా ఆ రోజుకే తేలి ఉండాలి. నావరకు ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుగుణం ఇదే.

పేర్ల విషయంలో మన తాళపత్రాల లేఖకులే నయం. కావ్యం కవిదైనా, చివర తన మాట రాసుకోకుండా వదిలేవారు కాదు: 'కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్' అని నడుము నొప్పి, మెడ నొప్పి సహా చెప్పుకున్నారు. ప్రెస్సుల కాలం వచ్చాక పుస్తకంలో ప్రెస్సు పేరు ఉంటుంది, అక్షరాలు పేర్చిన కంపోజిటర్ పేరు ఉండదు. ప్యారిస్‌లో 1913లో కవి సాంద్రార్, చిత్రకారిణి సోనియా దెలోనే కలిసి రెండు మీటర్ల మడత పుస్తకం తెచ్చారు. అనుకున్న 150 ప్రతులూ మడతలు విప్పి నిలువునా ఒకదాని కొసన ఒకటి పేరిస్తే ఈఫిల్ టవరంత ఎత్తు అవుతాయని లెక్క వేసుకున్నారు. ఆ ఆర్భాటం అలా ఉంచితే, పద్యానికి రంగులు తోడు కాదు, రెండూ ఒకటే రచన అని ఇద్దరూ పేర్లు పెట్టుకున్నారు.

మన దగ్గర ఈ ప్రశ్న గట్టిగా తగిలేది సవర గిరిజనుల బొమ్మల దగ్గర. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో, 2022 నుంచి పార్వతీపురం మన్యంలో ఉన్న సీతంపేట ప్రాంతంలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు అలంకారానికి పుట్టినవి కావు. దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసినవి. వాటిని కాగితం మీదికి తెచ్చి 'గిరిజన కళ' అని రాసి, వేసినవాళ్లకు రోజు కూలి ఇచ్చి పంపితే దాన్ని సహకారం అనలేం. చెన్నైలోని తారా బుక్స్ గోండు కళాకారులతో చేసిన చెట్ల పుస్తకం ఇక్కడ పనికొచ్చే నమూనా. భజ్జు శ్యామ్, దుర్గా బాయి, రామ్ సింగ్ ఉర్వేతి పేర్లు రచయితలుగానే ఉంటాయి. చేతి కాగితం మీద స్క్రీన్ ప్రింట్ చేసి, ప్రతికీ నంబరు వేశారు. 2008లో ఇటలీలోని బొలోన్యా పిల్లల పుస్తకాల ప్రదర్శన బహుమతి కూడా వచ్చింది.

నలభై ప్రతులైతే డబ్బున్నవాళ్ల షెల్ఫులకే కదా, ప్రజాసాహిత్యం పుట్టిన జిల్లాలో ఇదేం పని అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికన్ కళాకారుడు ఎడ్ రూషే 1963లో పెట్రోలు బంకుల ఫొటోలతో ఒక పుస్తకం 400 ప్రతులు నంబర్లు వేసి తెచ్చాడు. తర్వాత ఆ నంబర్ల పద్ధతే వద్దనుకుని 1967లో 500, 1969లో 3,000 వేశాడు. మనమూ రెండూ చేయొచ్చు: చేతి ప్రతులు నలభై, అవే బొమ్మలతో చౌక ఆఫ్‌సెట్ ముద్రణ వెయ్యి. మొదటిదాని అమ్మకం రెండోదాని ఖర్చుకు ఆసరా అవుతుంది.

సామగ్రికి దూరం పోనక్కర్లేదు. పొందూరు ఖద్దరు అట్టకు అందంగా ఉంటుంది, కాకపోతే గుడ్డకు నేరుగా జిగురు రాస్తే పైకి ఊరి మరక పడుతుంది. ముందు వెనకవైపు పల్చటి కాగితం అంటించాలి. అసలు ఇబ్బంది సీసం అక్షరాలతో. ఒత్తులు, గుణింతాలతో తెలుగు టైపుకు అక్షరాల పెట్టెల్లో వందల గళ్లు కావాలి. కాలితో తొక్కే పాత ట్రెడిల్ అచ్చు మిషన్లు తుక్కుకు పోతుంటే టైపూ వాటితోనే కరిగిపోతోంది. అది దొరక్కపోతే వాక్యాలను కూడా లినో మీద తిరగేసి చెక్కడమే దారి. కథ చిన్నదైతేనే అది కుదురుతుంది.

నా ప్రతిపాదన ఇది. నలభైలో కథకుడికి ఎనిమిది, బొమ్మలు చెక్కినవారికి ఎనిమిది, అచ్చు, బైండింగ్ చేసినవారికి తలా నాలుగు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయానికి ఒకటి. మిగతా పదిహేనూ అమ్మి కాగితం, సిరా ఖర్చులు తీర్చాలి. సవర కళాకారుల బొమ్మలుంటే చౌక ముద్రణ మీద కూడా వాళ్లకు రాయల్టీ ఉండాలి, అదీ రాతపూర్వకంగా. ఇక బ్లాకుల సంగతి: అచ్చు పూర్తవగానే అడ్డంగా గీత కొట్టి రద్దు చేయడం చాలాచోట్ల ఆనవాయితీ. ఇక ప్రతులు రావని కొనేవారికి భరోసా కోసం అలా చేస్తారు. నాకది నచ్చదు. గీత కొట్టకుండా చెక్కినవారి దగ్గరే ఉంచి, మళ్లీ వేస్తే రెండో ముద్రణ అని ముద్రించాలన్న షరతు ఒప్పందంలో రాసుకుంటే చాలు.