ప్రాజెక్టు టీములో మన బ్యాచ్ వద్దు

తెలుగు సంఘం పత్రికలో రాయాల్సిన మాట అవునో కాదో గానీ, బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పాలనుంది. ప్రాజెక్టు టీము కట్టేటప్పుడు నలుగురూ తెలుగువాళ్లే కాకుండా చూసుకోండి. నలుగురూ ఒకే పీజీలో ఉండేవాళ్లయితే అసలే వద్దు.

అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచే కాదు, గుంటూరు, ఖమ్మం నుంచి కూడా ఏటా బోలెడు మంది పిల్లలు ఇక్కడి కాలేజీల్లో చేరుతున్నారు. చేరిన నెలలోపే ఒక బ్యాచ్ తయారవుతుంది. జ్వరమొస్తే మాత్రలు తెచ్చిపెట్టేది, ఆదివారం ఆంధ్రా మెస్‌కు లాక్కెళ్లేది, సంక్రాంతికి బస్సు టికెట్లు ముందే బుక్ చేసేది ఆ బ్యాచే. పది దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు మొదటి ఏడాది వాళ్లే దిక్కు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌ను తెలుగులో చెప్పించుకుంటే గానీ బుర్రకెక్కనివాళ్లుంటారు. నేనూ ఆ బాపతే. ఆ స్నేహాల జోలికి నేను పోవడం లేదు. చిక్కంతా మూడో ఏడాదిలో, "నలుగురు చొప్పున టీములు కట్టి పేర్లు ఇవ్వండి" అని డిపార్ట్‌మెంట్ నోటీసు పెట్టినప్పుడు వస్తుంది. గంటలో పేర్లు వెళ్లిపోతాయి. ఎవరికి ఏం వచ్చు, ఎవరు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు అన్న మాటే రాదు. రూమ్ నంబరును బట్టి టీము.

నేను ఆటోమొబైల్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తాను. కాలేజీలవాళ్లు పిలిస్తే ప్రాజెక్టు రివ్యూలకు వెళ్తుంటాను. స్నేహితుల టీమును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒక్కరే మాట్లాడతారు, మిగతా ముగ్గురు ఆ ఒక్కరి మొహం చూస్తుంటారు. చివర నిలబడ్డ అబ్బాయిని "నువ్వేం చేశావు నాన్నా?" అని అడిగితే "డాక్యుమెంటేషన్ మేడం" అంటాడు. రిపోర్టు తెరిస్తే అందులో వేరే కాలేజీ పేరు అలాగే ఉండిపోయి ఉంటుంది. రివ్యూ అయ్యాక మాట్లాడిన అమ్మాయో అబ్బాయో మెల్లగా దగ్గరికొచ్చి, "పనంతా నేనే చేశాను మేడం. వాళ్లకేమన్నా చెబుదామంటే రోజూ మొహాలు చూసుకోవాలి కదా" అంటారు. ఎక్కేవాళ్లు ముగ్గురు, మోసేది ఒకరు. దానికి పల్లకీ అని కాకుండా టీము అని పేరు పెట్టుకున్నాం.

ఇందులో పిల్లల తప్పు సగమే. ఇంటర్ రెండేళ్లూ వాళ్లకు నేర్పింది పక్కవాడి ర్యాంకు మీద కన్నేసి ఉంచడం. ఆ పోటీ ఇక చాలనుకున్నవాళ్లకు తెలిసిన రెండో దారి స్నేహితుణ్ని కాపాడటం, అంటే పరీక్ష హాల్లో పేపరు కాస్త పక్కకు జరపడం. పని పంచుకోవడం, ఇచ్చిన పని ఏమైందని అడగడం, అడిగినా స్నేహం చెడకుండా ఉండటం అనే మూడో దారి ఎవరూ చూపలేదు. అది కొత్తవాళ్ల మధ్య అలవడినంత తేలిగ్గా రూమ్మేట్ల మధ్య అలవడదు. కొత్తవాడితో "మంగళవారానికి ఇస్తానన్నావు, ఏది?" అని అడగొచ్చు. రాత్రి అదే గదిలో పక్క మంచం మీద పడుకునేవాణ్ని అడగాలంటే మొహమాటం.

మొహమాటం లేకపోయినా గుంపులో పని తగ్గుతుందని చాలా కాలం కిందటే తేలింది. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలం వచ్చిందో కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. 8 మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వంతు బలం, ఒంటరిగా లాగినప్పటి దాంట్లో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణం, ఎవరో ఒకరు లాగుతారులే అనుకోవడం ఇంకో కారణం. తర్వాతి పరిశోధకులు ఈ రెంటినీ విడదీసి చూపించారు. ఎవరి వంతు ఎంతో విడిగా కనబడుతుందని తెలిస్తే మనిషి మళ్లీ గట్టిగా లాగుతాడని కూడా చెప్పారు. మన కాలేజీల్లో లేనిది సరిగ్గా ఇదే. ఒక దేశపు ఇంజనీరింగ్ చదువును ఇంకో దేశం గుర్తించే ఒప్పందం వాషింగ్టన్ అకార్డ్. 2014లో భారతదేశం అందులో శాశ్వత సభ్య దేశమయ్యాక, కోర్సుల నాణ్యతను చూసే జాతీయ సంస్థ ఎన్‌బీఏ గుర్తింపు కోరే ప్రతి కాలేజీ ఇంజనీరుకు ఉండాల్సిన లక్షణాల పట్టిక పెట్టుకుంది. అందులో వ్యక్తిగా, జట్టులో సభ్యుడిగా పనిచేయగలగడం ఒకటి. పట్టిక బాగుంది. మార్కుల షీటులో మాత్రం చాలాసార్లు నలుగురికీ ఒకటే అంకె, లేదా ఒకటి రెండు మార్కుల తేడా.

ఇప్పుడు అసలు ఇంజనీరింగ్ సంగతి. టీము ప్రాజెక్టు చెడేది ఎవరి భాగంలోనో కాదు, ఎక్కువసార్లు రెండు భాగాలు కలిసే చోట. ఒక ఉదాహరణ చెబుతాను, ఇది ఎన్నో బల్లల మీద కనబడుతుంది. ఒకరు ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ తెస్తారు. అది 5 వోల్టులతో పనిచేస్తుంది, దాని ఎకో పిన్ నుంచి వచ్చే సిగ్నలూ 5 వోల్టులే. ఇంకొకరు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు మీద కోడ్ రాస్తారు. ఆ బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు చేసినవి. ఎవరి పని వాళ్లు బాగానే చేశారు. రెండూ కలిపి వైరు పెట్టిన రోజున రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి, లేదా ఆ పిన్ను పోతుంది. మధ్యలో ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టి ఉంటే 5 కాస్తా 3.3 అయ్యేది. కొన్ని రూపాయల ఖర్చు. "నీ దగ్గర్నుంచి నాకు వచ్చేది ఎన్ని వోల్టులు?" అని ఒకరు అడిగి, ఇంకొకరు కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే సరిపోయేది. స్నేహితులు రాసుకోరు. పక్కనే ఉన్నాంగా, రాత్రి మాట్లాడుకుందాం అనుకుంటారు. రాత్రి మాట్లాడుకునేది ఐపీఎల్ గురించి.

రాసుకోక తప్పని పరిస్థితి ఉన్న ప్రాజెక్టులు చూడండి. 2010 జులై 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ సీ15 మీద వెళ్లిన స్టడ్‌శాట్ కిలో కూడా బరువు లేని ఉపగ్రహం. దాన్ని చేసింది బెంగళూరు, హైదరాబాద్‌లలోని 7 ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు. మన పత్రిక చదివేవాళ్లు చెప్పుకోదగ్గ సంగతి ఇది: కన్నడ పిల్లలు, తెలుగు పిల్లలు కలిసి చేసిన ఉపగ్రహం. దాన్ని వినే గ్రౌండ్ స్టేషన్ ఇక్కడే యలహంకలోని నిట్టె మీనాక్షి కాలేజీలో పెట్టారు. రెండు ఊళ్ల మధ్య 500 కిలోమీటర్లకు పైనే ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి వచ్చేది ఎంత, కెమెరాకు కావాల్సింది ఎంత అన్నది టీ తాగుతూ తేల్చుకునే వ్యవహారం కాదు. అంతకు ముందు ఏడాదే చెన్నైలోని అన్నా యూనివర్సిటీ 40 కిలోల అనుశాట్‌ను పంపింది. 2016లో బెంగళూరు పీఈఎస్ వాళ్ల పీశాట్ కక్ష్యలోకి చేరింది.

ఉపగ్రహం అందరికీ అందేది కాదంటారా, కారు తీసుకోండి. ఆర్వీ కాలేజీలో అశ్వ రేసింగ్ పిల్లలు ఎన్నో ఏళ్లుగా ఫార్ములా స్టూడెంట్ కార్లు, అంటే విద్యార్థులే డిజైన్ చేసి పోటీకి తెచ్చే చిన్న రేసు కార్లు, కడుతున్నారు. 1981లో అమెరికాలో మొదలైన పోటీ ఇది. మన దేశంలో ఫార్ములా భారత్ పేరుతో కోయంబత్తూరు కరీ మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది. కారు పరుగెత్తే పోటీ అనుకుంటాం గానీ, మామూలుగా 1000 పాయింట్లలో 325 కారు కదలకుండానే వస్తాయి లేదా పోతాయి: డిజైన్, ఖర్చు లెక్క, వ్యాపార ప్రణాళిక. సస్పెన్షన్ చేసిన పిల్లవాడిని సస్పెన్షన్ గురించే నిలదీస్తారు. ఈ రాడ్డు ఇంత పొడవు ఎందుకు, లెక్క చూపించు, కొలిచి చూశావా? అక్కడ "డాక్యుమెంటేషన్ మేడం" నడవదు. ఆ తర్వాత కారును 60 డిగ్రీలు వంచి నూనె చుక్క కారకుండా ఉందా అని చూస్తారు. బ్రేకు నొక్కితే నాలుగు చక్రాలూ లాక్ కావాలి. ఇవి దాటకపోతే ట్రాక్ మీదికే వెళ్లనివ్వరు. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగులో మధ్యలో డ్రైవరు మారాలి; చాలా కార్లు అక్కడే ఆగిపోతాయి. ఇలాంటి టీముల్లో నాకు నచ్చేది ఇంకోటి. అన్ని బ్రాంచిలవాళ్లు, అన్ని ఏళ్లవాళ్లు ఉంటారు. ఫైనలియర్ అక్క వెళ్లిపోయే ముందు రెండో ఏడాది తమ్ముడికి వైరింగ్ అంతా అప్పజెప్పి వెళ్తుంది. అప్పజెప్పాలంటే రాసి పెట్టాల్సిందే.

అక్క అన్నాను గనక ఒక పక్క మాట. కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు పెట్టే స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ పోటీలో ఆరుగురి టీములో కనీసం ఒక అమ్మాయి ఉండాలన్న నిబంధన ఉంది. మంచిదే. కానీ ఐదుగురు అబ్బాయిలు ఐడియా అంతా తేల్చుకుని, రిజిస్ట్రేషన్ చివరి రోజున "ఒక అమ్మాయి కావాలి, ఎవరైనా ఉన్నారా?" అని క్లాస్ గ్రూపులో మెసేజ్ పెడతారు. వచ్చిన అమ్మాయికి పీపీటీ అప్పజెబుతారు, చేతిరాత బాగుంటుందన్నట్టు. అమ్మాయిలూ, పీపీటీ ఒప్పుకోకండి. పవర్ సప్లై అడగండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అమీర్‌పేటలో దొరికినట్టే బెంగళూరులోనూ రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయి. కోడ్, బోర్డు, రిపోర్టు, వైవా ప్రశ్నలకు జవాబులు, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుంటే పనైపోతుంది. మొహమాటం ఉన్న టీముకు ఇంతకన్నా సుఖమైన దారి లేదు. "కాలేజీకి కట్టాలి నాన్నా" అంటే డబ్బు పంపేముందు దేనికని అడగండి. నిజంగా సామాన్లకే డబ్బు కావాలంటే, ఐఐఎస్సీ ఆవరణలో ఉన్న కర్ణాటక రాష్ట్ర శాస్త్ర సాంకేతిక మండలి చివరి ఏడాది ప్రాజెక్టులకు సాయం చేస్తుంది. కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టాలి. మన పిల్లల్లో చాలామంది ఆ పేరే వినలేదు.

కొత్తవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం అనే పిల్లలకు నా దగ్గర ఉన్న ధైర్యం ఇంతే: బెంగళూరు టీముల్లో ఎవరూ పూర్తి ఇంగ్లీషు మాట్లాడరు. కొంచెం కన్నడ, కొంచెం హిందీ, మధ్యలో సర్క్యూట్ బొమ్మ. పైగా టీములో ఒక కన్నడ పిల్లవాడు ఉంటే ఎస్పీ రోడ్డులో బేరం మీకంటే బాగా కుదురుతుంది. పనుల జాబితా మాత్రం మొదటి వారమే పేర్లతో సహా రాసుకోండి. కోడ్ అందరూ ఒకే ల్యాప్‌టాప్ నుంచి పెట్టకుండా ఎవరి ఖాతా నుంచి వాళ్లు గిట్‌లో (కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే సాఫ్ట్‌వేర్) పెట్టండి. ఎవరు ఏ రోజు ఏం రాశారో అదే చెబుతుంది, మీరు ఎవరి మీదా చాడీలు చెప్పక్కర్లేదు.

మన సంఘం ఉగాదికి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు కప్పుతోంది. కప్పనివ్వండి. దాంతోపాటు ఏడాదికి ఒక ఆదివారం ప్రాజెక్టు రివ్యూ పెడదామని నా ప్రతిపాదన. పూర్తయినవి వద్దు, సగంలో ఉన్నవి తీసుకురమ్మందాం. హెచ్ఏఎల్, బీఈఎల్, ఇస్రోలలో పనిచేసి రిటైరైన పెద్దలు మన సభ్యుల్లో ఉన్నారు. వాళ్లకు ఇంకో సన్మానం కంటే ఒక పూట పిల్లల్ని ప్రశ్నలడగడం ఎక్కువ ఇష్టంగా ఉంటుందని నా నమ్మకం. బహుమతులు ఉండవు. నలుగురినీ విడివిడిగా కూర్చోబెట్టి, పక్కవాళ్లు చేసిన భాగం గురించి అడుగుతారు. ఒక షరతు: వచ్చే ప్రతి టీములో కనీసం ఒకరు తెలుగు రానివాళ్లు ఉండాలి.

"సంఘం డబ్బుతో తెలుగు రానివాళ్లకు ఏర్పాట్లేమిటి?" అని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. ఆ పూట అయ్యేది టీ, టిఫిన్ల ఖర్చే, అది నేను పెట్టుకుంటాను. తేదీ మాత్రం ఎనిమిదో సెమిస్టర్ మొదలవకముందే ఉండాలి. ఆ తర్వాత తప్పులు దొరికినా దిద్దుకునే టైమ్ పిల్లలకు ఉండదు.